ఆ గడిలో టిక్ పెట్టాలా, వద్దా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటున్నాం. మావారిది హెచ్-1బి వీసా. గ్రీన్‌కార్డు వరుసలో మా తేదీ 2016 నాటిది. మా అబ్బాయి హైదరాబాద్‌లో పుట్టి, చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చాడు. ఇప్పుడు పదకొండో తరగతి. శాట్ పరీక్షలో 1600కు 1540 వచ్చింది. ఎన్నో ఏళ్లుగా మృదంగం నేర్చుకుంటున్నాడు, గణిత పోటీలకూ వెళ్తాడు. హార్వర్డ్, ఎం.ఐ.టి., యేల్‌లకు దరఖాస్తు చేయాలని వాడి కోరిక. కొంత ఆర్థిక సహాయం లేనిదే మేము ఫీజు కట్టలేం. తెలిసినవాళ్లలో కొందరు, సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఎం.ఐ.టి.లో ఆసియన్లు 47 శాతానికి చేరారు కాబట్టి ఇక మన పిల్లలకు ఢోకా లేదంటున్నారు. మరికొందరు, యేల్‌లో 30 నుంచి 24కు పడిపోయారు కనుక లోలోపల కోటా నడుస్తూనే ఉందని, జాతి అడిగే గడిని ఖాళీగా వదిలేయమని చెబుతున్నారు. మేము డబ్బు కట్టి పెట్టుకున్న కన్సల్టెంటు ఏమో మృదంగం, గణితం 'మరీ ఇండియన్'గా ఉంటాయి, తగ్గించి చూపండి, వ్యాసంలో జాతివివక్ష ఎదుర్కొన్న సంఘటన రాయించండి అంటున్నారు. నాకు అలాంటిదేమీ జరగలేదని మావాడు మొండికేశాడు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, ప్లేనో

సమాధానం: ముందుగా గడి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ వాళ్లు దానికి ఇస్తున్నంత ప్రాధాన్యం ఇప్పుడు దానికి లేదు. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో తీర్పు చెబుతూ, ప్రవేశాల్లో అభ్యర్థి జాతిని జాతిగా లెక్కలోకి తీసుకోవడం చెల్లదని తేల్చింది. ఆ ఏడాది ఆగస్టు నుంచే, చాలా కళాశాలలకు ఒకే ఫారంతో దరఖాస్తు చేసుకునే కామన్ యాప్, ఆ గడిలోని జవాబు దరఖాస్తు చదివేవారికి కనబడకుండా దాచుకునే వీలును కళాశాలలకు కల్పించింది. ఎంపిక పూర్తయ్యేదాకా ఆ సమాచారం తమ సిబ్బంది చేతికి అందదని హార్వర్డ్ ప్రకటించింది కూడా. కనుక టిక్ పెట్టినా ఒరిగేది లేదు, మానినా పోయేది లేదు. పైగా దరఖాస్తులో ఇంటిపేరు ఉంటుంది, ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని ఉంటుంది, తల్లిదండ్రుల చదువు దగ్గర జేఎన్‌టీయూ అనో ఉస్మానియా అనో ఉంటుంది. ఇన్ని రాసి ఆ ఒక్క గడిని ఖాళీగా వదిలితే దాగేదేమిటి?

ఇక 47, 24 అనే అంకెల విషయం. రెండూ నిజమైన అంకెలే. తీర్పు తర్వాత 2024లో చేరిన మొదటి బ్యాచ్‌లో ఎం.ఐ.టి. ఆసియన్ అమెరికన్ల వాటా 40 నుంచి 47 శాతానికి పెరిగింది, నల్లజాతి విద్యార్థులది 13 నుంచి 5కు, హిస్పానిక్ విద్యార్థులది 16 నుంచి 11కు తగ్గింది. కొలంబియాలో ఆసియన్లు 30 నుంచి 39కి పెరిగారు. హార్వర్డ్‌లో 37 దగ్గరే నిలిచారు. ప్రిన్స్‌టన్‌లో 26 నుంచి 23.8కి, యేల్‌లో 30 నుంచి 24కు తగ్గారు. ఒకే తీర్పు, ఒకే ఏడాది, ఫలితాలు మాత్రం తలో దారి. ఎం.ఐ.టి. అంకె చూసి సంబరపడేవారు యేల్ అంకె చూసి కుట్ర అనుకోక తప్పదు, యేల్ అంకె పట్టుకున్నవారికి ఎం.ఐ.టి. కొరకరాని కొయ్య అవుతుంది. ఆ మరుసటి ఏడు ప్రిన్స్‌టన్‌లో ఆసియన్ల వాటా 27.1కి లేచింది, హార్వర్డ్‌లో 41కి చేరింది. ముందటేడు ప్రిన్స్‌టన్‌లో రహస్య కోటా ఉందన్నవారు మరుసటేడు అది ఎటు పోయిందో చెప్పలేదు.

ఈ శాతాలను ఎలా లెక్కిస్తారో చూస్తే వాటి మీద అంత బరువు మోపబుద్ధి కాదు. 2023లో చేరిన హార్వర్డ్ బ్యాచ్‌నే తీసుకోండి. ఆ వసంతంలో ప్రవేశం లభించినవారిలో ఆసియన్ అమెరికన్లు 29.9 శాతమని విశ్వవిద్యాలయం ప్రకటించింది, ఏడాది గడిచాక అదే బ్యాచ్‌లో నిజంగా చేరినవారికి, మారిన లెక్కింపు పద్ధతిలో, 37 శాతమని చెప్పింది. ఎంపికైనవారా, చేరినవారా, జాతి చెప్పనివారిని హారంలో ఉంచారా, తీసేశారా అన్నదాన్ని బట్టే ఇంత తేడా వస్తుంది. జాతి చెప్పనివారి సంఖ్య తీర్పు తర్వాత అమాంతం పెరిగింది. ప్రిన్స్‌టన్‌లో అది 1.8 శాతం నుంచి 7.7కు, హార్వర్డ్‌లో 4 నుంచి 8కి వెళ్లింది. గడి ఖాళీగా వదిలినవారంతా ఆసియన్లేనని నేను అనను. కానీ మీకు వచ్చిన సలహాను వేలమంది తల్లిదండ్రులు పాటిస్తే కొన్ని చోట్ల ఆసియన్ల వాటా కాగితం మీద తగ్గి తీరుతుంది, ఆ తగ్గుదలను చూసి వచ్చే ఏడు మరింతమందికి అదే సలహా అందుతుంది. భయం తానే తన సాక్ష్యాన్ని పుట్టించుకుంటుంది.

ఎం.ఐ.టి.లో ఏటా చేరేవారు దాదాపు 1,100 మంది. ఏడు శాతం పెరుగుదల అంటే ఓ 75 మంది పిల్లలు. ఆ ఏడాది అక్కడికి 28 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి, నూటికి నలుగురైదుగురికి మాత్రమే చోటు దొరికింది. హార్వర్డ్‌లో 54 వేల దరఖాస్తులకు 1,937 మంది ఎంపికయ్యారు. ఢోకా లేదన్నవారు ఈ హారాన్ని ఒకసారి చూడాలి.

ఇక్కడ మీరు అడగని మాట ఒకటి చెబుతాను. ఎం.ఐ.టి.లో నల్లజాతి విద్యార్థుల వాటా 13 నుంచి 5కు పడిపోయిన సంగతిని మనవాళ్లలో కొందరు శుభవార్తలాగా పంచుకున్నారు. నాకది నచ్చలేదు. హార్వర్డ్‌పై వ్యాజ్యం నడిచింది 1964 నాటి పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం కింద. ఆ చట్టం నల్లజాతి ప్రజల పోరాటం వల్ల వచ్చింది. ఆ మరుసటి ఏడాది, అదే వాతావరణంలో, దేశాలవారీ వలస కోటాలను ఎత్తివేస్తూ వచ్చిన చట్టం వల్లనే మన డాక్టర్లు, ఇంజనీర్లు ఈ దేశంలో అడుగుపెట్టగలిగారు. తీర్పు సరైనదా కాదా అన్నదాని మీద నిజాయతీగా రెండు అభిప్రాయాలు ఉండవచ్చు, మీ ఇంట్లోనే ఉండవచ్చు. కానీ ఒకరి పిల్లలు తగ్గడాన్ని మన పిల్లల గెలుపుగా లెక్కించడం వేరే విషయం.

అలాగని ఆసియన్ కుటుంబాల అనుమానం వట్టి భ్రమ అని కొట్టిపారేయను. ప్రవేశాల్లో జాతిని చూడటాన్ని వ్యతిరేకించే ఎడ్వర్డ్ బ్లమ్ సంస్థ 2014లో వేసిన ఆ కేసు విచారణలో హార్వర్డ్ లోపలి కాగితాలు మొదటిసారి బయటకు వచ్చాయి. చదువు, ఇతర కార్యకలాపాలు, ఆటలు, ఉపాధ్యాయుల సిఫారసు, వ్యక్తిత్వం అంటూ ఒక్కో అంశానికి ఒకటి నుంచి ఆరు దాకా అంకె వేసే పద్ధతి అక్కడ ఉంది. చదువులోనూ, కార్యకలాపాల్లోనూ ముందున్న ఆసియన్ అమెరికన్లకు వ్యక్తిత్వం దగ్గర మాత్రం సగటున తక్కువ పడింది. అభ్యర్థులను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన పూర్వ విద్యార్థులు వేసిన అంకెల్లో అంత తేడా లేదనీ, వారిలో ఎక్కువమందిని ఎన్నడూ చూడని కార్యాలయం వేసిన అంకెల్లోనే ఉందనీ వాదులు ఎత్తిచూపారు. అభ్యర్థులను చదువును బట్టి పది సమాన భాగాలు చేస్తే, అన్నిటికంటే పై భాగంలో ఉన్న ఆసియన్ అభ్యర్థికి ప్రవేశ అవకాశం 12.7 శాతమైతే, కిందనుంచి నాలుగో భాగంలోని నల్లజాతి అభ్యర్థికి 12.8 శాతమని సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. 2019లో జిల్లా న్యాయమూర్తి అలిసన్ బరోస్ ఇందులో ఉద్దేశపూర్వక వివక్ష రుజువు కాలేదన్నారు, అప్పీలు కోర్టూ సమర్థించింది. సుప్రీంకోర్టు మాత్రం జాతిని పరిగణించే మొత్తం పద్ధతినే కొట్టివేసింది.

అవే కాగితాల్లో మనవాళ్లు అంతగా మాట్లాడుకోని మరో అంకె ఉంది. హార్వర్డ్‌లో ప్రవేశం పొందిన శ్వేతజాతి విద్యార్థుల్లో 43 శాతం మంది క్రీడాకారులుగా ఎంపికైనవారో, అక్కడే చదివినవారి పిల్లలో, అధ్యాపకుల పిల్లలో, డీన్ ప్రత్యేక జాబితాలో ఉన్నవారో. వాదుల తరఫున సాక్ష్యం చెప్పిన ఆర్థికవేత్తే సహచరులతో కలిసి చేసిన అధ్యయనం ప్రకారం, వారిలో దాదాపు మూడొంతుల మందికి ఆ దన్ను లేకపోతే ప్రవేశం వచ్చేది కాదు. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2023లో మరో కోణం చూపింది. ఒకే శాట్ మార్కులున్న పిల్లల్లో, ఆదాయంలో పైనున్న ఒక శాతం కుటుంబాలవారు మధ్యతరగతి వారికంటే రెండింతలకు పైగా ఈ కళాశాలల్లో చేరుతున్నారు. ఎం.ఐ.టి. పూర్వ విద్యార్థుల పిల్లలకు ప్రాధాన్యం ఇవ్వదు. జాన్స్ హాప్కిన్స్, ఆమ్‌హెర్స్ట్ మానుకున్నాయి. కాలిఫోర్నియా 2024లో చట్టం చేసి ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో సైతం నిషేధించింది. మీరు అడిగిన హార్వర్డ్, యేల్‌లలో మాత్రం ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది.

మనలో చాలామంది ఈ వ్యవహారాన్ని ఎంసెట్ కళ్లతో చూడటం వల్లనే ఇంత గందరగోళం. అక్కడ ర్యాంకు ఉంటుంది, రిజర్వేషన్ వర్గం ఉంటుంది, కౌన్సెలింగ్‌లో ఏ ర్యాంకుకు ఏ సీటు దాకా వచ్చిందో అందరికీ తెలుస్తుంది, అన్యాయం జరిగితే ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపవచ్చు. అమెరికాలో నిర్ణీత సీట్ల కోటా 1978లోనే, బకీ కేసులో, చెల్లదని తేలిపోయింది. ఆ తర్వాత నడిచింది దరఖాస్తును మొత్తంగా చూసే పద్ధతి, అందులో జాతి ఒక అంశం. ఈ 'మొత్తంగా చూడటం' అనే దానికీ ఓ పాత చరిత్ర ఉంది. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ యూదు విద్యార్థులు ఎక్కువైపోయారని 15 శాతం పరిమితి పెట్టబోతే అధ్యాపకులు ఒప్పుకోలేదు. నాలుగేళ్లు తిరక్కుండానే శీలం, వ్యక్తిత్వం అంటూ కొత్త కొలతలు వచ్చాయి, దరఖాస్తుతో ఫొటో జతచేయమన్నారు, యూదుల వాటా తగ్గిపోయింది. కనుక ఆ పద్ధతిని అనుమానించే హక్కు మీకుంది. అయితే 1540 వచ్చిన పిల్లవాడికి సీటు రాకపోతే అది ఎవరో లాక్కున్నట్టు కాదు, ఎందుకంటే అక్కడ ఆ మార్కుకు కేటాయించిన సీటంటూ మొదటినుంచీ లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన వీసా సంగతి మీ అబ్బాయి విషయంలో జాతి కంటే ఎన్నో రెట్లు బరువైనది. అతను హెచ్-4 మీద, అంటే హెచ్-1బి ఉద్యోగి మీద ఆధారపడిన కుటుంబసభ్యులకు ఇచ్చే వీసా మీద, ఉన్నాడు. అమెరికా కేంద్ర ప్రభుత్వ విద్యా గణాంకాల్లో తాత్కాలిక వీసా మీద ఉన్నవారందరినీ, వారు ఏ జాతివారైనా సరే, నాన్ రెసిడెంట్ అనే ఒకే వరుసలో వేస్తారు. అంటే మీరు ఇన్నాళ్లుగా తర్జనభర్జన పడుతున్న ఆ ఆసియన్ వరుసలోకి మీ అబ్బాయి రానే రాడు. ప్లేనోలో అతనితో ఒకే బెంచీలో కూర్చునే, ఇక్కడే పుట్టిన తెలుగు పిల్లవాడు ఆసియన్ అమెరికన్ లెక్కలోకి వస్తాడు. మీవాడు హైదరాబాద్ నుంచి నేరుగా దరఖాస్తు చేసే విద్యార్థి పక్కన చేరతాడు. ఎం.ఐ.టి. ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివారు ఏ ఊళ్లో చదివినా అంతర్జాతీయ అభ్యర్థులే. ఆ కోవలో ఎంపికయ్యేవారు రెండు శాతం దరిదాపుల్లో ఉంటారు. కాబట్టి ఆ 47 శాతంలో మీకు పనికొచ్చే సమాచారం ఏమీ లేదు.

డబ్బు విషయంలోనూ ఇదే తేడా. హెచ్-4 పిల్లలకు కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సహాయం వర్తించదు, ఆశ పెట్టుకోవలసింది కళాశాల సొంత నిధుల మీదే. కుటుంబం ఎంత కట్టగలదో చూడకుండా అంతర్జాతీయ విద్యార్థులను సైతం ఎంపిక చేసి, అవసరమంతా తామే భరించే సంస్థలు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి., ఆమ్‌హెర్స్ట్, డార్ట్‌మత్, బోడన్, ఇటీవల చేరిన బ్రౌన్ వంటివి. మిగతా చాలాచోట్ల సహాయం అడగడమే ఎంపికలో ప్రతికూలంగా మారవచ్చు. మీ ఆర్థిక పరిస్థితిని బట్టి చూస్తే, ఏ కళాశాలలో ఆసియన్ల శాతం ఎంత అన్నది కాదు, ఈ జాబితాలో ఏవి ఉన్నాయన్నది మీరు రాసుకోవలసిన విషయం. కొన్ని సంస్థలు అమెరికా హైస్కూలులో చదివిన హెచ్-4 విద్యార్థులను వేరుగా చూస్తాయి. ప్రతి ప్రవేశ కార్యాలయానికీ ఒక చిన్న ఈమెయిలు రాసి, ఎంపికలో మావాణ్ణి ఏ కోవలో చూస్తారు, సహాయానికి ఏ కోవలో చూస్తారు అని విడివిడిగా అడగండి, జవాబులు దాచుకోండి. ఈలోగా గ్రీన్‌కార్డు వస్తే వెంటనే వారికి తెలియజేయండి.

ఇరవై ఒకటో ఏడు నిండగానే అతను మీ వీసా నీడ నుంచి బయటపడతాడు, అది డిగ్రీ మధ్యలో వస్తుంది, అప్పటికి ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకు మారి ఉండాలి. 2025 మేలో హార్వర్డ్‌కు విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతినే ప్రభుత్వం రద్దు చేసింది, మర్నాడే కోర్టు దాన్ని నిలిపివేసింది (నిలిపివేసింది పైన చెప్పిన అలిసన్ బరోసే). ఇలాంటి కుదుపులు ఇక్కడే పుట్టిన పిల్లలకు తగలవు, మీవాడికి తగలవచ్చు. ఇమిగ్రేషన్ లాయరుతో ఈ వేసవిలోనే ఒక గంట కూర్చోండి. కన్సల్టెంటుకు ఇచ్చే దానికంటే ఆ రుసుము సార్థకం.

కన్సల్టెంటు సలహాలో మొదటి భాగం పనికిరానిది, రెండోది ప్రమాదకరమైనది. జాతివివక్ష సంఘటన రాయమనడానికి కారణం తీర్పులోని ఒక వాక్యం. జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో అభ్యర్థి వ్యాసంలో చెప్పుకుంటే విశ్వవిద్యాలయం చదవవచ్చనీ, అయితే దాన్ని ఆ విద్యార్థి చూపిన ధైర్యానికో పట్టుదలకో ముడిపెట్టి వ్యక్తిగానే చూడాలనీ ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు. జరిగినవారు రాసుకోవడానికి అది అనుమతి, జరగనివారు కల్పించుకోవడానికి కాదు. దరఖాస్తు చివర ఇందులోనిదంతా నిజమని మీ అబ్బాయి సంతకం చేస్తాడు, అబద్ధమని తేలితే ఇచ్చిన ప్రవేశాన్నీ వెనక్కు తీసుకుంటారు. అతని మొండితనాన్ని మెచ్చుకోండి.

మృదంగం మాట చెప్పాలంటే, ఎంపికచేసేవారికి విసుగు పుట్టించేది మృదంగం కాదు, 'చిన్నప్పటినుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుని క్రమశిక్షణ అలవరచుకున్నాను' అనే వాక్యం. కామన్ యాప్‌లో ఒక్కో కార్యకలాపానికి ఇచ్చేది 150 అక్షరాల చోటు. అసలు సంగతి చెప్పడానికి 650 పదాల వ్యాసం ఉంది. కచేరీకి ముందు ఎడమవైపు తొప్పికి రవ్వముద్ద ఎంత మందాన అద్దాలో, ఏసీ గాలికి అది ఎండిపోయి నాదం పలచబడుతుంటే పాట మధ్యలో తడి వేలితో ఎలా సర్దుకుంటాడో, మిశ్రచాపులో ఏడు అక్షరాల మీద కట్టిన ముక్తాయింపు సరిగ్గా ఎత్తుగడకు వచ్చి పడాలంటే మనసులో లెక్క ఎటునుంచి మొదలుపెడతాడో అతనికే తెలుసు. గణిత పోటీల్లో నేర్చిన కూడికకూ ఈ లెక్కకూ చుట్టరికం ఉందని అతనికి అనిపిస్తే అదే రాయమనండి, అనిపించకపోతే వద్దు. కత్తిసాము మొదలుపెట్టించి వింతగా కనబడాలనే ఆలోచన ఏదైనా ఉంటే మానుకోండి. పదకొండో తరగతిలో కొత్తగా తగిలించిన సరదాలను చదివేవారు ఇట్టే పసిగడతారు.

దరఖాస్తులను చదివేవారు సాధారణంగా ప్రాంతాల వారీగా పంచుకుంటారు, ప్రతి దరఖాస్తుతో పాటు ఆ బడి పంపే వివరపత్రం వారి ముందుంటుంది. మీ బడిలో ఎన్ని ఏపీ కోర్సులు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూలులోనే చదివే కళాశాల స్థాయి పాఠాలు) ఉన్నాయి, అందులో మీవాడు ఎన్ని తీసుకున్నాడు అన్నది చూస్తారు. కనుక బడి కౌన్సెలర్‌తో అతనికి ముఖపరిచయం ఉండేలా చూడండి. ఆమె రాసే లేఖకు మీ కన్సల్టెంటు మాటకంటే విలువ ఎక్కువ.

చివరగా, మీరు ఉత్తరంలో ప్రస్తావించని కళాశాల ఒకటి, ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం, మీ ఇంటికి మూడు నాలుగు గంటల దూరంలో ఉంది. జాతిని చూడకూడదని 1996లో ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పినప్పుడు, ఆ మరుసటి ఏడాది టెక్సాస్ శాసనసభ ప్రతి హైస్కూలులో పై పదిశాతం విద్యార్థులకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశమిచ్చే చట్టం చేసింది. దరఖాస్తుల ఒత్తిడి వల్ల ఆస్టిన్ క్యాంపస్‌కు ఆ హద్దు ఆరు శాతానికి దిగి, 2026 నుంచి ఐదు శాతం అయింది. ప్లేనో బడుల్లో ఐదు శాతంలో నిలవడం సులువేమీ కాదు, నిలిచినా కంప్యూటర్ సైన్స్ వంటి కోర్సుకు హామీ లేదు. అయినా మీరు అడిగినవాటిలో దేనికీ లేని ఒక స్పష్టత దీనికి ఉంది: హద్దు ఎక్కడుందో ముందే తెలుస్తుంది. మీవాడి తరగతి స్థానం ఎంతో వచ్చే సోమవారం బడిలో కనుక్కోండి, హెచ్-4 మీద టెక్సాస్ నివాసిగా ఫీజు వర్తించడానికి ఏ పత్రాలు కావాలో విశ్వవిద్యాలయాన్ని అడగండి. ముందస్తు దరఖాస్తుల గడువు సాధారణంగా నవంబరు 1. ఈ రెండు జవాబులూ ఆగస్టులోగా మీ చేతిలో ఉంటే, మిగతా జాబితాను అతనే తీరిగ్గా వేసుకోగలడు.